ఎర్రగడ్డ సంతలో దొరికిన రెండు కళ్ళ ఎర్ర దీపం – ఇది గేటు దీపమేనా?

అల్వాల్ చెరువుగట్టు (ఆదివారం, రాత్రి 8:10)

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఉదయం ఎర్రగడ్డ సంతలో పాత ఇనుప సామాను కుప్పలో నాకొక దీపం దొరికింది. అమ్మే ఆయన దానిని ఓడ దీపమని చెప్పి 1,500 రూపాయలు అడిగి, చివరికి 900కు ఇచ్చాడు. హైదరాబాదుకు ఓడ ఏ దారిన వచ్చిందని నేను అడగలేదు, బేరం చెడుతుందని.

మందపాటి రేకుతో చేసిన నలుచదరపు పెట్టె, జానెడున్నర ఎత్తు, పైన పొగ పోవడానికి రెండంతస్తుల టోపీ ఉన్నాయి. ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలకు ఉబ్బెత్తు ఎర్ర అద్దాలు బిగించి ఉన్నాయి. మిగిలిన రెండింటిలో ఒకటి తలుపు, రెండవది మూసిన రేకు. ఆ మూసిన రేకుకు బయట ఒక ఇనుప ఒర ఉంది. దీపాన్ని ఏ కమ్మీకో తొడగడానికి పెట్టి ఉంటారు. అడుగున మసి తుడిచి చూస్తే ఎన్.ఎస్.ఆర్. అనే అక్షరాలు బయటపడ్డాయి.

నా చిన్నతనంలో, అంటే 1970ల మొదట్లో, మా ఇంటి దగ్గరి రైలు గేటుకు నడిమధ్యన ఎర్రటి గుండ్రని రేకూ దాని నెత్తిన ఇటువంటి దీపమూ ఉండేవని లీలగా గుర్తు. ఇది గేటు దీపమే అయితే నాకొక సందేహం మిగిలింది. రోడ్డు మీద వచ్చే బండివాడికి ఎరుపు కనబడాలి, సరే. అవతలి ముఖం పట్టాల వైపు తిరిగి ఉంటుంది కదా, అక్కడ ఎవరున్నారని ఎరుపు చూపడం?

ఆఖరి పెట్టె (ఆదివారం, రాత్రి 8:52)

అది గేటు దీపం కాదండీ, రైలు చివరి పెట్టెకు తగిలించే దీపం. దాన్ని చూస్తేనే బండి మొత్తంగా వెళ్ళిందని స్టేషన్ వాళ్ళకు తెలిసేది. మంచి ధరకే దొరికింది.

లీవర్ ఫ్రేమ్ (ఆదివారం, రాత్రి 10:30)

ఆఖరి పెట్టె గారు చెప్పిన దీపాన్ని నేను వేల సార్లు చూశాను కాబట్టి కొంచెం విభేదిస్తున్నాను. నేను సిగ్నల్ విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి విరమించిన మనిషిని. బండి తోక దీపానికి ఎరుపు వెనక్కి మాత్రమే కనబడాలి. ముందుకు కనబడితే డ్రైవరుకు అనవసరమైన ఖంగారు. గార్డు పెట్టెకు అటూ ఇటూ పెట్టే పక్క దీపాలు కూడా వెనక్కి ఎరుపు, ముందుకు తెలుపు చూపేవి. డ్రైవరు వెనక్కి తిరిగి ఆ తెలుపు చూసుకుని, బండి తెగిపోలేదని నమ్మకం తెచ్చుకునేవాడు. రెండు వైపులా ఎరుపే ఉన్న దీపం బండికి పనికిరాదు. అది గేటుదే.

ఇక చెరువుగట్టు గారి ప్రశ్న, అసలైన ప్రశ్న. పాత గేట్లు ఇప్పటిలా పైకి లేచేవి కావు, తలుపుల్లా తిరిగేవి. వాటిలో కొన్ని బయటికి, రోడ్డు వైపుకు తెరుచుకునేవి; కొన్ని మాత్రం లోపలికి, సరిగ్గా పట్టాలకు అడ్డంగా తిరిగేవి. ఈ రెండో రకాన్ని ఊహించుకోండి. రోడ్డు మూసినప్పుడు గేటు రోడ్డుకు అడ్డంగా ఉంటుంది, దీపం ముఖం రోడ్డు వైపు. రోడ్డు తెరిచినప్పుడు అదే గేటు పావు చుట్టు తిరిగి పట్టాలకు అడ్డంగా నిలుస్తుంది, దానితో పాటు దీపం ముఖమూ పట్టాల వెంబడి తిరుగుతుంది. అంటే ఎవరికి దారి మూసి ఉందో వారికే ఎరుపు కనబడుతుంది. దీపంలో తిరిగే భాగమంటూ ఏదీ లేదు, తిరిగేది గేటు.

రోడ్డుకు అడ్డంగా ఉన్నప్పుడు నిజానికి ఒక కన్నే చాలు. పట్టాలకు అడ్డంగా ఉన్నప్పుడు మాత్రం రెండూ కావాలి, ఎందుకంటే బండి ఇటునుంచీ రావచ్చు, అటునుంచీ రావచ్చు. మీరు అడిగిన 'అవతలి ముఖం' అందుకు. రోడ్డు మూసి ఉన్నప్పుడు కూడా అది వృథా కాదు: రెండు గేట్ల మధ్య చిక్కుకున్న ఎడ్లబండివాడికి, తాను ఉండకూడని చోట ఉన్నానని అది చెబుతుంది.

అక్షరాల సంగతి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో మొదటి లైను వచ్చిన కొన్నాళ్ళకు ఇక్కడి రైల్వే ఒక కంపెనీ చేతికి వెళ్ళింది. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనుక్కున్నాక అది నిజాం స్టేట్ రైల్వే, మూడు అక్షరాల్లో ఎన్.ఎస్.ఆర్. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. మీ దీపం ఆ ఇరవై ఏళ్ళ మధ్యలోదని చెప్పవచ్చు.

అల్వాల్ చెరువుగట్టు (సోమవారం, ఉదయం 6:45)

లీవర్ ఫ్రేమ్ గారూ, మీ జవాబు చదివి రాత్రి భోజనాల బల్ల మీద రెండు అగరుబత్తి పెట్టెలను గేట్లుగా నిలబెట్టి, వాటి మీద ఎర్ర బొట్టుబిళ్ళలు రెండు వైపులా అంటించి తిప్పి చూశాను. మీరన్నట్టే ఉంది. బొట్టుబిళ్ళలు ఏమయ్యాయని మా ఆవిడ అడిగితే జవాబు చెప్పడానికి మాత్రం ఇబ్బంది పడ్డాను.

గుమ్టీలో పెరిగినవాడు (సోమవారం, మధ్యాహ్నం 1:20)

ఈ చర్చ చూసి సభ్యత్వం తీసుకున్నాను. మా నాన్నగారు గేటుమ్యాన్. మీటర్ గేజి (మీటరు వెడల్పు పట్టాల) రోజుల్లో మేడ్చల్ వైపు లైనులో ఒక గేటు దగ్గర గుమ్టీకి, అంటే గేటుమ్యాన్ కాపలా గదికి, ఆనుకుని ఉన్న ఒంటి గది క్వార్టర్లో మేము ఐదుగురం ఉండేవాళ్ళం. కాచిగూడ నుంచి మన్మాడ్ వెళ్ళే అజంతా ఎక్స్‌ప్రెస్ మా ఇంటి గడియారం. అది పోయాకే మా అమ్మ రాత్రి గిన్నెలు తోమేది.

దీపాల పని నాది, మా అక్కది. పొద్దు వాలకముందే నిచ్చెన లేకుండా గేటు కమ్మీలు ఎక్కి, ఒర లోంచి దీపాన్ని పైకి లాగి దించుకునేవాళ్ళం. అది చిన్నపిల్లలకు బరువే. ముందు పాత నూనెగుడ్డతో మసి తీసి, తర్వాత బూడిదతో అద్దాలు రుద్ది, చివరికి పొడి గుడ్డతో తుడవాలి. వత్తిని తిన్నగా కాకుండా రెండు కొసలూ కొంచెం గుండ్రంగా వచ్చేలా కత్తిరించాలి; కొసలు వాడిగా ఉంటే మంట కొమ్ముల్లా లేచి ఒక్క గంటలో అద్దాన్ని నల్లగా చేస్తుంది. వెలిగించిన వెంటనే వత్తిని పెంచకూడదు. రేకు వేడెక్కేదాకా చిన్నగా ఉంచి, పావుగంట తర్వాత మళ్ళీ ఎక్కి పెంచాలి. వానాకాలంలో వేడి అద్దం మీద చినుకు పడి పగిలితే నాన్నగారు ఏమీ అనేవారు కాదు గానీ, ఆ రాత్రి చేతి దీపాన్నే గేటుకు కట్టి, ఆ పక్కనే తెల్లవారేదాకా కూర్చునేవారు.

ఆ చేతి దీపం సంగతి కూడా చెప్పాలి. దానికి ఒకటే కన్ను. లోపల గుండ్రని గూడు తిప్పితే తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ మారేవి. పగలైతే ఎర్ర జెండా, పచ్చ జెండా. గుమ్టీ గోడకు ఒక రేకు డబ్బాలో పది టపాకాయలు ఉండేవి. పట్టాలకు బిగించే ఈ టపాకాయలు దీపావళివి కావు. చక్రం ఎక్కితే పేలి డ్రైవరును ఆపమనేవి.

నాకు ఊహ తెలిశాక వాటిని ఒక్కసారే వాడారు. ఇటుకల లారీకి సరిగ్గా పట్టాల మీద ఇరుసు విరిగింది. మా నాన్నగారు అక్కను గేటు దగ్గర ఎర్ర జెండాతో నిలబెట్టి, తాను బండి రావలసిన వైపుకు పరుగెత్తారు. మీటర్ గేజికి నాలుగు వందల మీటర్ల దగ్గర ఒకటి, ఎనిమిది వందల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలని నియమం. ఆయన దూరాన్ని టెలిగ్రాఫ్ స్తంభాలు లెక్కపెట్టి కొలుచుకున్నారు. బండి ఆగింది, ఇటుకలు దించారు, లారీని జనం తోశారు. ఆ పరుగులో ఒక చెప్పు పోయింది, మళ్ళీ దొరకలేదు. ఆయన దాన్ని గురించే ఎక్కువసార్లు చెప్పేవారు.

ఉప్పుగూడ బండి (సోమవారం, సాయంత్రం 7:05)

మీ నాన్నగారికి నమస్కారాలు. అయితే గేటుకు ఇవతల నిలబడిన మా బాధ కూడా రికార్డు కావాలి. నేను 1980లలో సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద ఒకే గేటు దాటి ఇరవై ఏళ్ళు ఉద్యోగానికి వెళ్ళాను. గేటు పడిందంటే పది నిమిషాలు ఖాయం. జామకాయలవాడు వచ్చేవాడు, పేపరు చదవడం అయ్యేది, పక్క స్కూటరాయనతో పెళ్ళి సంబంధం కూడా మాట్లాడుకున్నాం (కుదరలేదు). సైకిళ్ళవాళ్ళు వంగి కిందినుంచి దూరిపోతుంటే మేము చూస్తూ నిలబడేవాళ్ళం. కనుచూపు మేరలో బండి ఉండదు. ఇంత ముందుగా ఎందుకు వేస్తారు? ఆ రోజుల్లో గేటుమ్యాన్‌కు మా మీద కోపమని అనుకునేవాళ్ళం.

లీవర్ ఫ్రేమ్ (సోమవారం, రాత్రి 9:40)

కోపం కాదండీ, గేటు అతని చేతిలో ఉన్నట్టు మీకు కనబడుతుంది, కాని లేదు.

ముందు స్టేషన్ మాస్టరు ఫోను చేస్తాడు. పాత ఫోనుకు పక్కన పిడి తిప్పితే అవతల గంట మోగేది. ఫలానా బండి వస్తోంది, గేటు వెయ్యమంటాడు. గేటుమ్యాన్ వేసి, తాళం పెట్టి, తన కాగితంలోని తర్వాతి రెండంకెల సంఖ్యను చదువుతాడు. దాన్నే ప్రైవేట్ నంబర్ అంటారు. అవి వరుస సంఖ్యలు కావు, ఊహించి చెప్పడం కుదరదు. చెప్పిన ప్రతి సంఖ్యనూ ఇద్దరూ గంట, నిమిషంతో సహా పుస్తకంలో రాసుకుని, కాగితంలో కొట్టేస్తారు. 'వేశాను సార్' అన్న మాటకు విలువ లేదు. 'అరవై మూడు' అన్న మాటకు ఉంది.

సిగ్నల్‌తో ముడిపడిన గేటు అయితే ఇంకొక మెట్టు. గేటుకు తాళం పడితేనే తాళంచెవి బయటికి వస్తుంది. ఆ చెవిని సిగ్నల్ పెట్టెలో పెట్టి తిప్పితేనే లీవరు కదులుతుంది. సిగ్నల్ దించాక, అంటే బండికి దారి ఇచ్చాక, చెవి ఇరుక్కుపోతుంది, ఇక గేటు తీయడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు దూరం లెక్క వేయండి. వేగంగా వచ్చే బండి ఆగడానికి సుమారు కిలోమీటరు కావాలి. కాబట్టి ముందుగా హెచ్చరించే సిగ్నల్ గేటు సిగ్నల్‌కు కిలోమీటరు ముందు ఉంటుంది. దాన్ని డ్రైవరు దూరం నుంచి చూసేసరికే పచ్చగా ఉండాలి, లేకుంటే బ్రేకు వేస్తాడు. అంటే బండి మూడు కిలోమీటర్ల అవతల ఉండగానే మీ గేటు పడి తీరాలి. గంటకు అరవై కిలోమీటర్ల వేగమైనా అక్కడికే మూడు నిమిషాలు. ఆ బండి పోయాక ఎదురుగా ఇంకొకటి మూడు నిమిషాల్లో ఉంటే తీసి మళ్ళీ వేసే వ్యవధి ఉండదు. మీ జామకాయ అలా పూర్తయ్యేది.

పసుపు బిళ్ళ మీద జి అనే ఇంగ్లీషు అక్షరం ఉన్న సిగ్నల్ స్తంభాన్ని చూసే ఉంటారు. అది గేటు సిగ్నల్. అది ఎర్రగానే ఉండిపోతే డ్రైవరు పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, కూత వేసి, మెల్లగా గేటు దాకా వచ్చి, గేటుమ్యాన్ చేతి సైగ చూసుకుని దాటవచ్చు. స్టేషన్ సిగ్నల్ దగ్గర ఆ వెసులుబాటు లేదు.

బొల్లారం నుంచి ఒహాయో (మంగళవారం, ఉదయం 7:30)

నేను బొల్లారంలో పెరిగి, పాతికేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాను. పోలిక కోసం రాస్తున్నాను. ఇక్కడ గేటుమ్యాన్ లేడు. బండి దగ్గరికి వచ్చినట్టు పట్టాలలోని కరెంటే పసిగట్టి, రెండు ఎర్ర దీపాలను ఒకటి తరువాత ఒకటిగా వెలిగించి ఆర్పుతూ, గంట మోగిస్తూ, కమ్మీని దించుతుంది. నియమం ప్రకారం బండి రావడానికి కనీసం ఇరవై సెకన్ల ముందు దీపాలు మొదలవ్వాలి, కమ్మీ ఐదు సెకన్ల ముందే పూర్తిగా దిగి ఉండాలి. ఇరవై సెకన్లు! ఉప్పుగూడ బండి గారికి జామకాయ కోయడానికి కూడా చాలదు. గేటును సిగ్నల్‌తో ముడిపెట్టరు కాబట్టి ఇది సాధ్యం; రోడ్డు మీద ఎవరైనా చిక్కుకున్నా డ్రైవరుకు ముందుగా తెలియకపోవడం దీని వెల.

ఈ జంట దీపాలకు ముందు ఇక్కడ లోలకంలా అటూ ఇటూ ఊగే ఎర్ర దీపం ఉండేది. గేటుమ్యాన్ చేతిలో లాంతరు ఊపినట్టే అది ఊగేది. మనిషిని తీసేశారు గాని మనిషి చేయి కదలికను ఉంచారు. 20వ శతాబ్దం మొదట్లో కాలిఫోర్నియా వైపు మొదలైన ఆ దీపాలు ఇప్పుడు చాలా అరుదు. ఇంజను కూత కూడా ఒక పద్ధతి: రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. మొదటి రోజుల్లో రాత్రిపూట అది వినబడితే నేను బొల్లారంలో ఉన్నాననుకుని లేచేవాడిని.

మల్కాజిగిరి మెట్లు (మంగళవారం, మధ్యాహ్నం 12:15)

గేటు తెరిచి ఉన్నప్పుడు రోడ్డుకు పచ్చ దీపం కనబడేదని మా తాతగారు చెప్పేవారు. నిజమేనా?

గుమ్టీలో పెరిగినవాడు (మంగళవారం, మధ్యాహ్నం 2:00)

మా గేటుకు పచ్చ దీపం లేదండీ. మీ తాతగారు చూసింది గేటుమ్యాన్ చేతి దీపం అయి ఉంటుంది; పోయే బండికి అంతా సవ్యమని చూపేది అదే. రోడ్డువాళ్ళకు పచ్చ చూపితే, బండి రాదని మాట ఇచ్చినట్టవుతుంది. ఎరుపు లేకపోవడం వేరు, పచ్చ ఉండడం వేరని నాన్నగారు అనేవారు.

నిర్వాహకుడు (మంగళవారం, మధ్యాహ్నం 3:10)

ప్లాట్‌ఫాం టీ గురించిన నాలుగు టపాలను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ గేట్లూ దీపాలూ మాత్రమే.

తుకారాంగేటు నివాసి (మంగళవారం, రాత్రి 8:20)

మా పేటకు పేరే గేటు వల్ల వచ్చింది. చిరునామా చెబితే ఆటోవాళ్ళు నేటికీ 'గేటు దాకానా, అవతలికా' అని అడుగుతారు. 2022లో కింది వంతెన తెరిచాక ఆ ప్రశ్నకు అర్థం పోయింది, ప్రశ్న మాత్రం మిగిలింది. వంతెన వల్ల నాకు రోజుకు అరగంట కలిసొచ్చిందని ఒప్పుకుంటాను. గట్టి వాన పడిన రోజున అదే అరగంటను వడ్డీతో చెల్లిస్తున్నానని కూడా రాసుకోండి.

ఏ గేటుకు వంతెన కట్టాలో ఎలా నిర్ణయిస్తారని లీవర్ ఫ్రేమ్ గారు చెబితే బాగుంటుంది. కొన్ని గేట్లు యాభై ఏళ్ళు ఎదురుచూశాయి.

లీవర్ ఫ్రేమ్ (మంగళవారం, రాత్రి 10:05)

గేటు దగ్గర ఒక గుమాస్తా కుర్చీ వేసుకుని, పోయే ప్రతి బండినీ గీతలు పెట్టి లెక్కించడం మీరెప్పుడైనా చూశారా? అదే మొదలు. మోటారు బండి ఒకటి, ఎడ్లబండి ఒకటి, సైకిలు రిక్షా, ఆటో అయితే అర. ఆ మొత్తాన్ని రోజుకు తిరిగే రైళ్ళ సంఖ్యతో గుణిస్తారు. లక్ష దాటితే పై వంతెనకో కింది వంతెనకో అర్హత. ఖర్చు రైల్వే సగం, రాష్ట్రం సగం. అర్హత వచ్చాక డబ్బు, స్థలం రావడానికి పట్టే కాలాన్ని ఏ గుణకారమూ చెప్పదు.

విద్యుత్ లైను వచ్చినప్పుడు గేటుకు ఇంకొక మార్పు వచ్చింది: రోడ్డుకు అటూ ఇటూ 4.67 మీటర్ల ఎత్తున అడ్డకమ్మీ. గడ్డి లారీ ఆ కమ్మీకి తగిలితే నష్టం గడ్డికే. అది లేకపోతే పైనున్న తీగకు తగులుతుంది, అందులో ఇరవై అయిదు వేల వోల్టులు. వినాయక విగ్రహాలను తెచ్చేవాళ్ళు ఆ కమ్మీ ముందు కిరీటం విప్పాలా, దారి మార్చాలా అని వాదించుకోవడం నేను డ్యూటీలో చూశాను. ఎప్పుడూ దారే మార్చేవారు.

లేచే గేట్లు వచ్చాక చెరువుగట్టు గారి దీపానికి పని పోయిన కారణం కూడా ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. పైకి లేచిన కమ్మీ పట్టాలకు అడ్డం రాదు, దాని మీద దీపం పెట్టినా అది డ్రైవరు వైపు తిరగదు. తెరిచిన గేటు తన సంగతి తాను బండికి చెప్పుకోలేదు. ఆ మాట సిగ్నల్ చెప్పవలసి వచ్చింది.

ఆఖరి పెట్టె (బుధవారం, ఉదయం 9:00)

నా మొదటి జవాబు తప్పని ఒప్పుకుంటున్నాను. ఒక విషయం చేర్చాలి. గేటూ దీపమూ మనిషీ ఏదీ లేని దాటుళ్ళ (రోడ్డు పట్టాలను దాటే చోట్ల) గురించి ఎవరూ రాయలేదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర బడి బస్సు అటువంటి చోటే రైలు కింద పడింది. ఆ పిల్లల్లో మా బంధువుల ఊరివాళ్ళు ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ప్రకారం అటువంటి చోట బండి ఆపి, కండక్టరో క్లీనరో దిగి నడిచి వెళ్ళి, ఇరువైపులా చూసి రావాలి. ఆ సంగతి తెలిసిన డ్రైవరును నేను ఒక్కరినే చూశాను. 2019 జనవరి నాటికి బ్రాడ్ గేజి (వెడల్పు పట్టాల) లైన్ల మీద కాపలా లేని దాటుళ్ళన్నిటినీ తీసేశారు. గేటు పడితే నేను ఇప్పుడు విసుక్కోను.

అల్వాల్ చెరువుగట్టు (బుధవారం, సాయంత్రం 6:30)

అందరికీ కృతజ్ఞతలు. ఆఖరి పెట్టె గారి టపా చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

దీపాన్ని వెలిగించి చూడాలని ఉంది. బర్నరు మర తుప్పు పట్టి తిరగడం లేదు, వత్తి బూడిదైపోయింది. కిరసనాయిలు కూడా ఇప్పుడు దొరకడం లేదు. ఏం చేయమంటారు?

గుమ్టీలో పెరిగినవాడు (బుధవారం, రాత్రి 8:45)

మరను బలవంతంగా తిప్పకండి, పళ్ళు విరుగుతాయి. రెండు రోజులు కొబ్బరినూనెలో నానబెట్టి, తర్వాత వేడినీళ్ళలో ముంచి తీసి తిప్పండి. వత్తి కోసం పాత నూలు బెల్టుగుడ్డను బర్నరు వెడల్పుకు కత్తిరించుకోవచ్చు. నైలాను కలిసినది వద్దు, కరిగి అంటుకుంటుంది. లాంతర్లకు అమ్మే పారాఫిన్ దీపపు నూనె సరిపోతుంది. టోపీ కింద చిల్లులను సూదితో శుభ్రం చేయడం మరవకండి, వాటిలో సాలీడు గూడు కట్టి ఉంటే ఎంత మంచి వత్తికైనా మసి తప్పదు. కొసలు గుండ్రంగా కత్తిరించండి. మొదటి పావుగంట చిన్నగానే ఉంచండి.